దాసోహము – దేహధర్మము
(బసవతత్త్వ పాఠము)

వీరశైవ గృహములందును మఠములందును దాసోహమను మాట వినబడని దినము ఉండదు. జాతర వచ్చినను, గురువుల పుణ్యతిథి వచ్చినను, వైశాఖ శుద్ధ తదియనాడు బసవజయంతి వచ్చినను మొదట వెలుగునది దాసోహపు పొయ్యి. మహాశివరాత్రికి నల్లమల అడవుల గుండ కాలినడకను శ్రీశైలము చేరు భక్తులకు దారి పొడవున అన్నము, మజ్జిగ, మంచినీరు అందించు చేతులు ఎన్నియో కలవు. ఆ చేతులవారు పేరు కోరరు, ప్రతిఫలమును ఆశింపరు. ధర్మము నేటికిని నిలిచియున్నదన్న అది ఇట్టివారి పుణ్యమే.

అయితే ఈ సేవాపరులయందే మరియొక దృశ్యము కూడ కానవచ్చుచున్నది. తెల్లవారక ముందే లేచి, వంటకు కూర్చుండి, కడపటి పంక్తి లేచువరకు పచ్చి మంచినీరైన ముట్టనివారు కలరు. మధుమేహమునకు వైద్యుడిచ్చిన మాత్రను వేసికొని, అన్నమును మాత్రము వెనుకకు నెట్టి, గరిటె పట్టుకొని నిలుచువారు కలరు. జ్వరమును దాచుకొని బరువు మోయువారు, మూడు రాత్రులు కన్ను మూయనివారు కలరు. వారు నడుమ సొమ్మసిల్లి పడినప్పుడు చుట్టునున్నవారు "శివుని సేవలో అలసినాడు, ధన్యుడు" అని మెచ్చుకొందురు. ఆ మెచ్చుకోలు బసవాది శరణుల బోధకు అనుగుణమైనదేనా? సేవకై దేహమును క్షయింపజేయుట భక్తియా, లేక భక్తిలో కలిగిన ఒక పొరపాటా? ఈ పాఠమునందు విచారింపదగిన విషయమిదియే.

దాసోహ శబ్దార్థము

దానమునకును దాసోహమునకును భేదము కలదు. దానమునందు ఇచ్చువాడు పైనుండును, పుచ్చుకొనువాడు క్రిందనుండును. దాసోహమునందు ఆ మెట్లు తారుమారగును. "నేను దాసుడను" అను భావమే దాసోహము. ఇచ్చినది తనది కాదు, శివునిది. పుచ్చుకొన్నవాడు యాచకుడు కాడు, జంగమరూపుడైన శివుడు. నడుమనున్న తాను కేవలము ఒక సేవకుడు. పంచాచారములలో భృత్యాచారమని చెప్పబడిన వినయము ఇదియే.

గురువునకు తనువు, లింగమునకు మనస్సు, జంగమమునకు ధనము సమర్పింపవలెనని త్రివిధ దాసోహమును పెద్దలు చెప్పిరి. ఇచ్చట తనువును సమర్పించుట యనగా తనువును నాశనము చేయుట యని కొందరు పొరబడుచున్నారు. గుడికి ఆవును సమర్పించినవాడు దానిని మేపుట మానునా? సమర్పించిన పిమ్మట అది దేవుని ఆవు. మునుపటికంటె ఎక్కువ జాగ్రత్తతో దానిని చూచుకొనవలెను. తనువు విషయమునను అంతియే. సమర్పింపబడిన తనువు ఇక సేవకుని సొత్తు కాదు. సొత్తు కానిదానిని ఇష్టము వచ్చినట్లు వ్యయపరచు అధికారము అతనికి లేదు.

అంగము లింగమునకు నెలవు

వీరశైవమునకు ఇతర శైవశాఖలనుండి వేరైన గుర్తు ఇష్టలింగధారణము. లింగము గుడిలో లేదు. ధరించినవాని వక్షఃస్థలమున కలదు. ఇష్టలింగము స్థూలదేహమునకును, ప్రాణలింగము సూక్ష్మదేహమునకును, భావలింగము కారణదేహమునకును సంబంధించినవని శాస్త్రము. అనగా అంగమును విడిచి లింగమును గూర్చి మాటలాడుటయే ఈ ధర్మమునందు సాధ్యము కాదు. బసవేశ్వరుడు దేహమునే దేవాలయముగా దర్శించెననుట జగద్విదితము. ధనవంతులు రాతితో గుడి కట్టుదురు. నిరుపేద భక్తునకు తన దేహమే గుడి.

ఈ బోధను పదుగురు ప్రశంసింతురు గాని దాని ఫలితార్థమును ఆలోచించువారు కొందరే. దేహము గుడియైనచో దాని గోడలు పగులనిచ్చుట భక్తి ఎట్లగును? పైకప్పు కారుచున్నను చూడక ప్రాంగణములో అన్నసంతర్పణము చేయు ధర్మకర్తను ఎవరు మెచ్చుకొందురు? ఆకలిగొన్న వేళ అన్నము, అలసిన వేళ నిద్ర, రోగము వచ్చిన వేళ ఔషధము – ఇవి ఆ గుడికి జరుగవలసిన నిత్యకైంకర్యములు. వీనిని భోగములని తలచుట తగదు.

షట్‌స్థలములలో భక్త, మహేశ స్థలముల తరువాత వచ్చునది ప్రసాదిస్థలము. ప్రతి పదార్థమును లింగమునకు అర్పించి, ప్రసాదముగా స్వీకరించువాడు ప్రసాది. వేయిమందికి ప్రసాదమును వడ్డించి తాను మాత్రము స్వీకరింపనివాడు ఆ దినమున తన లింగమునకు నైవేద్యము లేకుండ చేసినవాడగును గదా! ప్రసాదస్వీకారము సేవ ముగిసిన పిదప లభించు కూలి కాదు. అదియును సేవలోని భాగమే.

లక్కమ్మ చూపిన కొలత

కల్యాణ నగరమునందు శరణులతోపాటు నివసించిన ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఈ సందర్భమున స్మరణీయము. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వానితో జంగమదాసోహము నడుపుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు అనుభవ మంటపమున తత్త్వగోష్ఠిలో మునిగి కాయకమును మరచెను. లక్కమ్మ అతనికి కాయకమును జ్ఞాపకము చేసినది. మరియొకనాడు అతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. అది తమకు అవసరము లేనిదనియు, ఎక్కువైన దానిని తెచ్చిన చోటనే తిరిగి పోసి రావలసినదనియు ఆమె పలికినదని సంప్రదాయము చెప్పుచున్నది.

ఈ కథను సాధారణముగా ధనాశకు ప్రతికూలమైన బోధగా వివరింతురు. అది నిజమే. కాని ఇందు ఇంకొక సూక్ష్మము కలదు. తగ్గినను లక్కమ్మ ఒప్పుకొనలేదు, హెచ్చినను ఒప్పుకొనలేదు. ఆ అధికపు బియ్యముతో మరి పదిమందికి పెట్టవచ్చునను వాదమును ఆమె మన్నింపలేదు. సేవకు కూడ ఒక కొలత కలదని, ఆ కొలత దాటినచో సేవ పేరున ఆశయే పనిచేయుచున్నదని ఆ తల్లి గ్రహించినది. ధనమున ఆశ ఎట్లుండునో పుణ్యమునను ఆశ అట్లే యుండును. "ఇంకొక పంక్తి, ఇంకొక ఊరు, ఇంకొక ఉత్సవము" అని దేహము మొఱ పెట్టుచున్నను వినక పరుగిడువాడు, లక్కమ్మ ముందర ఆ బియ్యపు మూటతో నిలిచిన మారయ్యవంటివాడే.

సిద్ధరాముని చెరువు

సొన్నలిగె సిద్ధరాముడు మహాకర్మయోగి. నేడు సోలాపురమని పిలువబడు ఆ పట్టణమున చెరువు నడుమ వెలసిన సిద్ధేశ్వరాలయము అతని కీర్తిని చాటుచున్నది. అతడు చెరువులు త్రవ్వించుచు, ఆలయములు కట్టించుచు ఉన్న కాలమున అల్లమప్రభువు అచ్చటికి వచ్చి, బయట త్రవ్వు పనిలో పడి లోపలి పనిని మరచితివని అతనిని మందలించెనని శూన్యసంపాదన వలన తెలియుచున్నది. ఆ సంవాదము ఫలితముగా సిద్ధరాముడు కల్యాణమునకు చేరి చెన్నబసవేశ్వరుని వలన ఇష్టలింగదీక్షను పొందెను.

అల్లమప్రభువు చెరువును నిందింపలేదు. దప్పిగొన్నవారికి నీరు వలదనలేదు. "నేను చేయుచున్నాను" అను భావమును వేలెత్తి చూపెను. అతిసేవ వలన దేహము పాడగుచున్నచోట్లను పరిశీలించినచో పలుమారు ఈ భావమే అడుగున కనబడును. "నేను లేకున్న ఈ పని జరుగదు" అను తలంపు త్యాగమువలె తోచును గాని, అది కర్తృత్వాభిమానము. ఆ తలంపు కలవాడు పనిని ఇతరులకు పంచడు. విశ్రాంతి తీసికొనుమన్నవారిపై కోపించును. మొదట నిద్రను, పిదప భోజనమును, చివరకు లింగపూజా సమయమును కూడ పనికి ధారపోయును. దేహము కృశించునప్పటికే లోపలి చెరువు ఎండిపోయి యుండును. దాసుడను అని నోట పలుకుచు యజమానివలె ప్రవర్తించుట దాసోహము కాదు.

ఒక ఆక్షేపము

ఇచ్చట కొందరు ఒక ప్రశ్న వేయవచ్చును. తన కన్నులనే శివునకు సమర్పించిన కన్నప్పను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించెను గదా. ఆ వీరభక్తుడు తన దేహమును లెక్కించెనా? లింగము జారిపడినను కాయకమును ఆపని నులియ చందయ్య దేనిని లెక్కించెను? అట్టి మహనీయుల మార్గమున నడువవలసినవారికి ఆరోగ్యచింత ఏల?

ఆక్షేపము గట్టిది, దానికి సమాధానము ఆ కథలయందే కలదు. కన్నప్ప చేసినది ఆ క్షణమున ఉప్పొంగిన ప్రేమ వలన జరిగినది. స్వామి కంట నెత్తురు చూచి నిలువలేక చేసిన పని అది. దానిని నిత్యవిధిగా ఏ గురువును విధింపలేదు. అంతేకాదు, రెండవ కంటికి బాణము నెత్తినప్పుడు స్వామియే అతని చేతిని పట్టి ఆపెనని శ్రీకాళహస్తి క్షేత్రకథ ప్రసిద్ధము. భక్తుని ప్రేమను మెచ్చిన దేవుడే భక్తుని దేహమునకు హాని కలుగుటను సహింపలేదు. కన్నప్పను స్మరించువారు ఆ బాణమును మాత్రమే కాదు, దానిని ఆపిన చేతిని కూడ స్మరింపవలెను.

ఇక చందయ్య మార్గము నిత్యకాయక మార్గము. గడ్డి కోయుట, త్రాడు పేనుట, అమ్ముట, వచ్చినదానితో జంగమదాసోహము చేయుట – ఇది ప్రతిదినము జరుగవలసిన పని. రేపు కూడ త్రాడు పేనవలసినవానికి నేడు చేతులు కావలెను. కాయకమను శబ్దమునందే కాయము కలదు. కాయమును చెడగొట్టుకొని కాయకమును నిలుపజూచుట వేరు నరికి చెట్టునకు నీరు పోయుటవంటిది.

గృహిణి యొక్క ఆకలి

ఈ విషయమునందు అన్నిటికంటె ఎక్కువ ఆలోచింపదగినది గృహిణుల స్థితి. మఠములో దాసోహము ఏడాదికి కొన్ని దినములు జరుగును. ఇంటిలో ఆమె దాసోహము ప్రతిదినము జరుగును. అందరు తిన్న పిమ్మట మిగిలినది తినుట, మిగులకున్న మజ్జిగతో సరిపెట్టుకొనుట అనేక కుటుంబములలో నేటికిని ఆచారముగా నున్నది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 నుండి 49 సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో 57 శాతము మంది రక్తహీనతతో నున్నారు. రక్తము చాలనిచో ఆయాసము, తలతిరుగుట, పనియందు అనాసక్తి, గర్భవతులకు ప్రమాదము కలుగును. దీనికి కారణములు పెక్కు కలవు. కడపటి పంక్తిలో చాలీచాలని తిండి తినుట వానిలో ఒకటి.

బసవధర్మము స్త్రీకిని పురుషునకును సమానముగా లింగదీక్ష నిచ్చినది. కనుక గృహిణి మెడలోని లింగము గృహయజమాని మెడలోని లింగముకంటె చిన్నది కాదు. ఆమె పస్తున్నచో ఆమె ధరించిన లింగమునకు ఆ పూట అర్పణము లేదు. ఇంటి పెద్ద లింగపూజ ముగించి తృప్తిగా భుజించి, అదే వేళ వంటయింటిలో మరియొక లింగధారిణి ఆకలితో నున్న, ఆ పూజ పూర్తియైనదని చెప్పుటకు వీలులేదు. ఆమె త్యాగమును పొగడుట సులభము. ఆమెకు వేళకు విస్తరి వేయుట ధర్మము.

ఆరోగ్యము నెపము కారాదు

ఇంతవరకు చెప్పినదానిని విని సోమరులు సంతోషింపరాదు. దేహము దేవాలయమన్న మాటను అడ్డుపెట్టుకొని చిన్న తలనొప్పికే సేవను మానువారు, ఇతరుల శ్రమతో తమ సుఖమును పెంచుకొనువారు ఈ బోధకు దూరమైనవారే. గుడిని శుభ్రముగా నుంచుట పూజ జరుగుటకొరకు. గుడిని అలంకరించి తలుపు మూసికొనుటకొరకు కాదు. ఆరోగ్యము సాధనము, సేవ దాని ప్రయోజనము. సాధనమును నాశనము చేయుట ఒక దోషము. సాధనమునే గమ్యమనుకొనుట మరియొక దోషము. రెంటికి నడుమ నడచుటయే శరణమార్గము.

ఈ నడిమి మార్గమునకు ఇటీవలి కాలపు నిదర్శనము తుమకూరు సిద్ధగంగా మఠాధిపతులు శ్రీ శివకుమార మహాస్వాములవారు. 1907 ఏప్రిల్ 1న జన్మించి, 2019 జనవరి 21న లింగైక్యులైన ఆ మహనీయుల ఆధ్వర్యమున వేలాది పేద విద్యార్థులకు ఉచితముగా అన్నము, ఆశ్రయము, విద్య లభించినవి. అంతటి భారమును వహించియును వారు ఇష్టలింగపూజకును, మితాహారమునకును నియత సమయములను పాటించిరి. వార్ధక్యమున రోగము వచ్చినప్పుడు చికిత్సను కాదనలేదు. 2018 డిసెంబరులో చెన్నైకి వెళ్లి వైద్యము పొందిరి. తమ జీవితకాలముననే ఉత్తరాధికారిని నియమించి బాధ్యతను పంచిరి. ఒక్క దేహముపై ఆధారపడిన దాసోహము ఆ దేహముతోనే ముగియును. పదిమంది పంచుకొన్న దాసోహము పరంపరగా సాగును.

ఆచరణ విధానము

తత్త్వము ఆచరణమున కనబడవలెను. కుటుంబములును మఠములును పాటింపదగిన కొన్ని నియమములు ఇచ్చట చెప్పబడుచున్నవి.

1. దాసోహమునందు వంటవారికి, వడ్డించువారికి వంతులు ఏర్పరుపవలెను. మొదటి పంక్తికి వడ్డించినవారు రెండవ పంక్తిలో కూర్చుండవలెను. సేవకుల విస్తరి చివరి విస్తరి కారాదు.

2. మధుమేహమునకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని తీసికొనువారు భోజనవేళను దాటవేయరాదు. మందు పనిచేయుచుండగా ఆహారము లేకున్న రక్తములో చక్కెర తగ్గిపోవును. చెమటలు, వణకు, గుండెదడ, తలతిరుగుట, మాట తడబడుట దాని గుర్తులు. స్పృహలో నున్నవారికి వెంటనే చక్కెర నీరో, బెల్లపు ముక్కయో ఇచ్చి, పిదప ఆహారము పెట్టవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయక వెంటనే వైద్యశాలకు చేర్చవలెను.

3. ఉపవాసవ్రతమును పట్టదలచిన రోగులు, గర్భవతులు, పాలిచ్చు తల్లులు ముందుగా వైద్యుని అడుగవలెను. వైద్యుడు వలదన్నచో ఆ దినమున జపమును పెంచుకొనిన చాలును.

4. బసవజయంతి వచ్చునది మండువేసవిలో. ఊరేగింపులందును పొయ్యిల కడను నున్నవారు దప్పిక కలుగువరకు ఆగక మాటిమాటికి నీరు, ఉప్పు కలిపిన మజ్జిగ త్రాగవలెను. నడిమధ్యాహ్నమున బరువు పనులను మానవలెను. ఒళ్లు కాలిపోవుచు మాట తడబడినచో అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడిగుడ్డలతో తుడుచుచు, ఆలసింపక వైద్యశాలకు తీసికొనిపోవలెను.

5. ఇంటిలో ఒక పూటయైన అందరు కలిసి భుజింపవలెను. ఆకుకూరలు, పప్పులు, సజ్జలు, రాగులు గృహిణి విస్తరిలోనికి కూడ రావలెను. భోజనముతోపాటు నిమ్మరసము తీసికొనిన ఇనుము దేహమునకు చక్కగా పట్టును. భోజనమైన వెంటనే కాఫీ, టీ త్రాగినచో పట్టదు. రక్తహీనత ఉన్నదని వైద్యుడు చెప్పినచో ఆహారముతోపాటు మాత్రలు కూడ వాడవలెను.

6. రక్తపోటు, మధుమేహము మొదలగు వ్యాధులవారు ఉత్సవ దినములలో మందులు మరచుట సాధారణము. విభూతి సంచిలోనే మందుల పొట్లమును కూడ ఉంచుకొనిన, పూజావేళ మందును జ్ఞాపకము చేయును.

7. సేవ ఎంత పెరిగినను ఇష్టలింగపూజా సమయమును, రాత్రి నిద్రను తగ్గించుకొనరాదు. ఆ రెండును తగ్గుచున్నవనిన సేవ కొలత దాటినదని గ్రహించి, పనిని పంచుకొనవలెను.

8. మఠములందు జాతర దినములలో ఒక వైద్యుని గాని, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తను గాని అందుబాటులో నుంచుట, సేవకులు పడుకొనుటకు నీడగల చోటు ఏర్పరచుట మఠాధికారుల బాధ్యత. వచ్చిన భక్తుడు జంగమరూపుడైనట్లే వడ్డించు సేవకుడును లింగధారియే గదా.

మననమునకు

పాఠమును చదివినవారు కుటుంబముతో కలిసి ఈ క్రింది ప్రశ్నలను విచారింపవలెను.

అ. మన ఇంటిలో అందరికంటె ఆలస్యముగా భుజించునది ఎవరు? ఎందువలన?

ఆ. లక్కమ్మ అధికమైన బియ్యమును తిరిగి పోయుమనుటలో గల భావమేమి? అది సేవకు ఎట్లు వర్తించును?

ఇ. అల్లమప్రభువు సిద్ధరాముని మందలించుటలో చెరువు దోషమెంత? భావదోషమెంత?

ఈ. తాను లేకున్నను జరుగునట్లుగా తన సేవను ఏర్పరచుకొన్నవాడు ఎక్కువ దాసుడా? తాను లేకున్న జరుగదనువాడు ఎక్కువ దాసుడా?

దేహము ఏనాటికైనను రాలిపోవునదే. శరణులు దానిని శాశ్వతమని ఎన్నడును చెప్పలేదు. కాని అది రాలువరకు లింగము దానియందే కొలువుండును. ఆ కొలువు సాగినంత కాలము దీపమునకు నూనె పోయుట, వత్తి సరిచేయుట భక్తుని పని. చీకటిలో నున్నవారికి వెలుగు నీయదలచినవాడు ముందు తన దీపము కొండెక్కకుండ చూచుకొనవలెను.

శరణు శరణార్థులు.